మూడో విజిల్ దాకా

రెండు నెలల కిందట, పరీక్షల టెన్షన్ గురించి రాస్తూ ఈ పేజీలో మాటవరసకి ఓ వాక్యం రాశాను. "మా అబ్బాయికి 21 ఏళ్ళు, ఆటిజం ఉంది, కుక్కర్ పెడితే ఇప్పటికీ వంటింటి గుమ్మం దగ్గర నిలబడి విజిల్స్ లెక్కపెడతాడు" అని. పరీక్షల గురించి ఒక్కరూ రాయలేదు. ఆ వాక్యం పట్టుకుని మాత్రం ఉత్తరాలు వచ్చాయి, ఇంకా వస్తూనే ఉన్నాయి. ఎడిటర్ గారిని అడిగి ఈసారి పేజీ మొత్తం వాటికే తీసుకున్నాను.

ముందే ఒక మాట. నేను డాక్టర్ని కాను. గుంటూరు జిల్లాలో ఒక భవిత కేంద్రంలో, అంటే ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపే కేంద్రంలో, పన్నెండేళ్ళుగా పనిచేస్తున్న టీచర్ని. అంతకు ముందు నుంచీ ఆ పిల్లాడికి అమ్మని. మందుల సంగతి నన్నడగొద్దు.

మేడమ్ గారూ, మా బాబుకి నాలుగేళ్ళు. పోయినేడాది ఆటిజం అని చెప్పారు. పగలంతా బాగానే ఉంటాడు. సాయంత్రం ఆరున్నర, ఏడు మధ్య ఏమవుతుందో తెలీదు, నేల మీద పడి తల కొట్టుకుంటాడు, చెయ్యి కొరుక్కుంటాడు. మా అత్తగారు "గారాబం చేసి పాడుచేశావు, నాలుగు తగిలిస్తే దారికొస్తాడు" అంటారు. ఒకరోజు కొట్టాను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. — ఒక తల్లి, తణుకు

ముందు ఆ కొట్టిన సంగతి చెప్పేస్తాను తల్లీ. నేనూ కొట్టాను. ఒకసారి కాదు. మావాడు ఏడుపు ఆపలేదు సరికదా, నా చెయ్యి పైకి లేస్తే తల దాచుకోవడం నేర్చుకున్నాడు. జడ వేసుకోవడానికి చెయ్యి ఎత్తినా దాచుకునేవాడు. అది పోవడానికి రెండేళ్ళు పట్టింది. ఇంక మీరూ నేనూ ఆ మాట ఇక్కడే వదిలేద్దాం.

మీ ఉత్తరంలో నాకు బాగా పనికొచ్చింది "ఆరున్నర, ఏడు మధ్య" అన్నది. గారాబం వల్ల వచ్చే మొండితనమే అయితే పొద్దున్నా రావాలి, మధ్యాహ్నమూ రావాలి. రోజూ అదే వేళకి వస్తోందంటే ఆ వేళకి మీ ఇంట్లో ఏదో జరుగుతోంది. అది మీకు వినపడకపోవచ్చు, కనపడకపోవచ్చు. వాడికి మాత్రం తెలుస్తోంది.

మావాడికి ఐదేళ్ళప్పుడు మేం తెనాలిలో రెండు గదుల పోర్షన్‌లో ఉండేవాళ్ళం. వాడికీ సాయంత్రాలే. నేను చెయ్యని పని లేదు. దిష్టి తీశాను, తాయెత్తు కట్టించాను, మా ఆయనతో పోట్లాడాను. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో బుద్ధి ఎదుగుదలలో ఇబ్బందులున్న వాళ్ళ కోసం కేంద్ర ప్రభుత్వ సంస్థ ఒకటి ఉంది, ఇప్పుడు ఎన్‌ఐఈపీఐడీ అంటున్నారు. వాడిని అక్కడికి చూపించడానికి తీసుకెళ్ళినప్పుడు ఒక టీచరమ్మ నా గోడంతా విని, "ఒక నోటుబుక్కు కొనుక్కో. మూడు గళ్ళు గీయి. ఏడుపుకి ముందు ఏం జరిగింది, ఏం చేశాడు, తర్వాత మీరేం చేశారు. పదిహేను రోజులు రాయి. కారణం మాత్రం రాయకు, కంటికి కనిపించిందే రాయి" అంది. నాకు ఒళ్ళు మండింది. ఐదు గంటలు రైల్లో వచ్చింది పద్దులు రాసుకోమని చెప్పించుకోడానికా అనుకున్నాను.

పన్నెండో రోజు రాత్రి ఆ పుస్తకం తిరగేస్తుంటే మొదటి గడిలో తొమ్మిదిసార్లు ఒకే మాట కనిపించింది. పప్పు పెట్టాను. పప్పు పెట్టాను. పప్పు పెట్టాను.

అప్పుడైనా విజిల్ చప్పుడు పడదు కాబోలు అనుకున్నాను. సగమే నిజం. విజిల్ వస్తుంటే వాడు చెవులు మూసుకుని నిలబడేవాడు. ఏడుపు మొదలయ్యేది మొదటి విజిల్ అయ్యాక. రెండోది ఎప్పుడొస్తుందో, అసలు ఎన్ని వస్తాయో వాడికి తెలీదు. మన నెత్తి మీద ఎవరో ఎప్పుడు మొడతారో చెప్పకుండా వెనకాల నిలబడితే ఎలా ఉంటుంది? అదీ వాడి బాధ. కొన్నాళ్ళు పప్పు పొద్దున్నే, వాడు లేవకముందే ఉడికించేశాను. తర్వాత గట్టు మీద మూడు సోడా మూతలు పెట్టి, విజిల్‌కి ఒక మూత వాడి చేతికిచ్చేదాన్ని. మూడో మూత ఇచ్చానంటే స్టవ్ కట్టేసినట్టు. నెల తిరిగేసరికి వాడే మూతలు తెచ్చి గట్టు మీద పేర్చడం మొదలెట్టాడు. మా ఇంట్లో ఇప్పటికీ పప్పు మూడు విజిల్స్‌కే దించాలి, కంది బేడలు ఉడికినా ఉడక్కపోయినా.

మీ ఇంట్లో కుక్కరే కానక్కర్లేదు. దీపాలు పెట్టే వేళ కదా. గంట, అగరొత్తుల పొగ, టీవీలో సీరియల్, మిక్సీ, ట్యూబ్‌లైటు చోక్ గుయ్యిమనడం, మామగారి బండి శబ్దం, ఆకలి, నిద్ర. ఏదైనా కావచ్చు, నాలుగు కలిసి కూడా కావచ్చు. పొద్దుట్నుంచీ స్కూల్లో, థెరపీలో ఓర్చుకున్నదంతా సాయంత్రానికి పొంగిపోవడమూ ఉంది. పుస్తకం మొదలుపెట్టండి. ఒక కిటుకు చెబుతాను, మీ అత్తగారి చేత రాయించండి. నవ్వులాటకి కాదు. ఆవిడ రోజూ అదే గదిలో కూర్చుంటారు, మీ కంటే ఎక్కువ చూస్తారు. పదిహేను రోజులు తన చేత్తో రాశాక "గారాబం" అనే మాట అంత తేలిగ్గా రాదు.

మారాం చేసే పిల్లాడు మధ్యమధ్య ఓరకంట మనవైపు చూస్తాడు, చూస్తున్నామా లేదా అని. కావలసింది ఇస్తే ఆగుతుంది. మీ బాబుది అది కాదనుకుంటాను. ఇందులో వాడికి మీరు గుర్తుండరు, దెబ్బ తగులుతున్నదీ తెలీదు. అప్పుడు నేర్పించబోకండి, "ఎందుకురా, చెప్పరా" అని అడగబోకండి. మాట తగ్గించండి. లైటు తీసేయండి, టీవీ ఆపండి, చుట్టూ చేరినవాళ్ళని బయటికి పంపండి. తల కింద దిండు పెట్టి, చేతికందేంత దూరంలో మీరూ నేల మీద కూర్చోండి. ప్రమాదం ఉంటే తప్ప గట్టిగా పట్టుకోవద్దు. కొందరికి దుప్పటి చుట్టి ఒత్తితే హాయిగా ఉంటుంది, కొందరికి ముట్టుకుంటే మంట. మీవాడు ఏ రకమో ఆ పుస్తకమే చెబుతుంది. తగ్గాక కాసిని మంచినీళ్ళు. అంతే, ఆ రాత్రికి క్లాసు పీకొద్దు.

ఇంకొకటి. ఎప్పుడూ లేనిది ఉన్నట్టుండి తల కొట్టుకోవడం మొదలైతే ముందు ఒళ్ళు చూపించండి. చెవి, పన్ను, మలబద్ధకం. మావాడు వారం రోజులు దవడ మీద కొట్టుకుంటే "ప్రవర్తన సమస్య" అని మేం మూడు చోట్లకి తిరిగాం. దంతాల డాక్టరు నోరు తెరిపించి చూస్తే పిప్పి పన్ను. కళ్ళు నిలిపేయడం, ఒళ్ళు జర్క్ ఇవ్వడం కనిపిస్తే మాత్రం పుస్తకం పక్కన పెట్టి వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్ళండి. ఆటిజం ఉన్న పిల్లల్లో ఫిట్స్ మామూలు పిల్లల కంటే ఎక్కువ.

అమ్మా, నేను రిటైరైన పోస్ట్‌మాస్టర్‌ని. మా మనవడు అమెరికాలో డాలస్‌లో ఉంటాడు. నాలుగేళ్ళు దాటాయి, ఆటిజం అన్నారు. రెండు భాషలైతే పిల్లాడు తికమక పడతాడని ఎవరో చెప్పారట, మా అబ్బాయి నన్ను వీడియో కాల్‌లో తెలుగు మాట్లాడొద్దన్నాడు. నాకొచ్చిన ఇంగ్లిషు మనియార్డర్ ఫారాల వరకే. "అన్నం తిన్నావా" అంటే వాడూ "అన్నం తిన్నావా" అంటాడు, జవాబు చెప్పడు. చిన్నప్పుడు నాలిక మీద వస రాయలేదు, అందుకే ఇలా అయిందని మా ఆవిడ బాధ. నేను మాట్లాడటం మానెయ్యాలా? — ఒక తాత, కరీంనగర్

మానకండి బాబాయిగారూ. ఈ ఉత్తరం మీ అబ్బాయికి ఫొటో తీసి పంపండి. రెండు భాషలు వినడం వల్ల ఆటిజం పిల్లలకి మాట మరింత ఆలస్యమవుతుందని ఇప్పటిదాకా జరిగిన పరిశోధనల్లో తేలలేదు. అమెరికాలోని స్పీచ్ థెరపిస్టుల సంఘమే ఇంటి భాష ఆపమని చెప్పదు. ఇంటి భాష తీసేస్తే నిజానికి జరిగేదేమిటంటే, నాయనమ్మ మాట్లాడదు, తాత మాట్లాడడు, అమ్మానాన్నలు తమది కాని భాషలో ముక్కలు ముక్కలుగా మాట్లాడతారు. మాట రావాల్సిన పిల్లాడి చుట్టూ మాటే కరువైపోతుంది. ఈ సలహా ఇచ్చేవాళ్ళు అమెరికాలోనే కాదు, హైదరాబాద్‌లోనూ ఉన్నారు. నాకూ ఇచ్చారు, నేనూ ఎనిమిది నెలలు "కమ్ హియర్, సిట్ డౌన్" అని సొంత కొడుకుతో ఇన్‌స్పెక్టర్‌లా మాట్లాడాను. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గు.

ఇక "అన్నం తిన్నావా" సంగతి. అది వెక్కిరింత కాదు, అర్థం లేని మాటా కాదు. ఈ పిల్లల్లో చాలామంది మాటల్ని విడివిడిగా కాక గుత్తులుగా పట్టుకుంటారు. తాత ముఖం తెరమీద కనబడగానే వినిపించే గుత్తి "అన్నం తిన్నావా". కాబట్టి వాడి లెక్కలో దానర్థం "తాతా, వచ్చావా" కావచ్చు. మావాడు ఏడేళ్ళదాకా దాహమేస్తే నా దగ్గరికొచ్చి "నీళ్ళు కావాలా?" అనేవాడు. గ్లాసు చేతికిచ్చేముందు నేను అనేది అదే కదా మరి. బంధువులు నవ్వేవాళ్ళు, "అమ్మకి నీళ్ళిస్తున్నాడు" అని. నేను దిద్దడం మానేసి, వాడు "నీళ్ళు కావాలా" అనగానే వాడి తరఫున "నీళ్ళు కావాలి" అని నేనే అంటూ గ్లాసు ఇచ్చేదాన్ని. "సరిగ్గా చెప్పు, అప్పుడే ఇస్తా" అని మాత్రం అనేదాన్ని కాదు. దాహంతో ఉన్నవాడికి వ్యాకరణం ఎక్కదు.

ఫోన్‌లో ప్రశ్నలు తగ్గించండి. "నేనెవర్ని? ఇదేం రంగు? టాటా చెప్పు" ఇవన్నీ పరీక్షలు. రోజూ ఒకే వేళకి చేయండి, ఒకే పని చేయండి. మీ దగ్గర పాత స్టాంపులుంటాయి కదా, ఒక్కొక్కటీ కెమెరా ముందు పెట్టి "ఏనుగు", "రైలు" అని చెప్పి ఊరుకోండి. నాలుగు రోజులయ్యాక "ఒకటి... రెండు... మూ..." అని ఆపి మనసులో పది లెక్కపెట్టండి. పది అంటే నిజంగా పది. మనవాళ్ళు రెండు దాకా కూడా ఆగలేరు. వాడు పూరించకపోతే నిట్టూర్చకుండా మీరే "మూడు" అనండి. వాడు కళ్ళలోకి చూడకపోతే నొచ్చుకోవద్దు. పక్కకి చూస్తేనే బాగా వినగలిగే పిల్లలున్నారు.

పిన్నిగారికి చెప్పండి, వస రాయనందుకు పోయిన మాట కాదు, రాస్తే వచ్చేదీ కాదు. మా అత్తగారు రాసింది. మావాడు వసపిట్ట కాలేదు, రోజంతా విరేచనాలు మాత్రం అయ్యాయి.

పెద్దవాడికి ఏడాదిన్నరకి వేసే టీకా తర్వాతే వచ్చిన నాలుగు మాటలూ పోయాయి. రెండోవాడికి భయమేసి తట్టు టీకా ఆపేశాం. తప్పా? — ఒంగోలు నుంచి

వేయించండి, ఈ వారమే. మీ భయం ఎక్కడ పుట్టిందో చెబుతాను. 1998లో ఇంగ్లండ్‌లో ఒక డాక్టరు ఎంఎంఆర్ టీకాకీ (తట్టు, గవదబిళ్ళలు, రుబెల్లాలకి కలిపి వేసేది) ఆటిజానికీ సంబంధం ఉందన్నట్టు 12 మంది పిల్లల మీద రాసిన వ్యాసం లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. అందులో తప్పుడు వివరాలున్నాయని తేలి 2010లో పత్రిక దాన్ని వెనక్కి తీసుకుంది, అదే ఏడాది ఆయన డాక్టరు రిజిస్ట్రేషనూ పోయింది. తర్వాత డెన్మార్క్‌లో 6 లక్షల 57 వేల మంది పిల్లల్ని గమనించి 2019లో చెప్పారు, ఎంఎంఆర్ టీకా వేసినవాళ్ళలో ఆటిజం ఎక్కువేమీ లేదని.

మీరు చూసింది అబద్ధం అనడం లేదు. ఉన్న మాటలు పోవడం కొందరు పిల్లల్లో నిజంగానే జరుగుతుంది, అదీ ఎక్కువగా ఏడాదిన్నర, రెండేళ్ళ మధ్యలో. మన టీకా కార్డులో తట్టు రెండో డోసు ఉండేదీ ఆ వయసులోనే. రెండూ పక్కపక్కన వస్తాయి, అంతే. తట్టు వస్తే మాత్రం అది ఊరికే పోయే జబ్బు కాదు.

స్టెమ్ సెల్స్ ఎక్కిస్తే ఆరు నెలల్లో మాటలు వస్తాయని ఒక సెంటర్‌వాళ్ళు అంటున్నారు. లక్షల్లో అవుతుంది. ఎకరం పొలం అమ్ముదామని మా ఆయన. — ఖమ్మం జిల్లా

అమ్మొద్దు. ఆటిజానికి ఆ చికిత్సను సిఫారసు చేయలేమని జాతీయ వైద్య కమిషన్ తరఫు బోర్డే 2022లో చెప్పింది. "ఆరు నెలల్లో" అని గడువు పెట్టి మాట ఇచ్చేవాడు ఎవడైనా సరే, మెట్లు దిగి వచ్చేయండి. ఒంట్లో విషాలు తీసేస్తాం అని సెలైన్లు పెట్టేవాళ్ళూ అంతే.

పొలం ఉంచుకుని ఈ పనులు చేయండి. ప్రభుత్వ జిల్లా ఆసుపత్రుల్లో డైస్ సెంటర్ (డిస్ట్రిక్ట్ ఎర్లీ ఇంటర్వెన్షన్ సెంటర్) అని ఎదుగుదలలో ఇబ్బందులున్న పిల్లల కోసం ఉంటుంది, అక్కడ పరీక్షలూ థెరపీ ఉచితం. వైకల్య ధ్రువపత్రం తీసుకోండి. 40 శాతం, ఆ పైన ఉంటే పింఛనుకి అర్హత వస్తుంది. మీ తెలంగాణలో నెలకి 4,016, మా ఆంధ్రలో 6,000. కేంద్ర ప్రభుత్వ సంస్థ అయిన నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ బీమాలో ఏడాదికి లక్ష రూపాయల వరకు వైద్యం, థెరపీ ఖర్చులకి వస్తుంది. ఫారాలు నింపడం విసుగే. నేనూ ఒక ఫారం మూడుసార్లు నింపాను, మూడోసారి ఫొటో చిన్నదైందన్నారు. అయినా నింపండి.

అక్కా, నేను లారీ నడుపుతాను. మాది నంద్యాల దగ్గర, ఇంటికి రెండు వందల గజాల్లో కేసీ కెనాల్. మా వాడికి ఆరేళ్ళు. తలుపు తీసి ఉంటే చాలు, పరుగే. రెండుసార్లు కాలవ గట్టు మీద దొరికాడు. మా ఆవిడ వాడి కాలికి తాడు కట్టి వంట చేసుకుంటోంది. ఊళ్ళోవాళ్ళు తిడుతున్నారు.

తమ్ముడూ, తిట్టేవాళ్ళలో ఒక్కరు వచ్చి అరగంట పిల్లాణ్ణి చూసుకుంటే ఆ తాడు అవసరం ఉండదు. మీ ఆవిణ్ణి నేనేమీ అనను. కానీ తాడు బదులు చేయాల్సినవి ఉన్నాయి, ఈ ఉత్తరాలన్నిట్లోకీ తొందరపడాల్సింది మీదే.

ఇల్లు వదిలి వెళ్ళిపోయే పిల్లలకి రోడ్డు కంటే నీళ్ళే పెద్ద గండం. నీళ్ళు మెరుస్తాయి, కదులుతాయి, వాళ్ళకి ప్రాణం. కాబట్టి వాడు కనిపించకపోతే ముందు ఇల్లు వెతకొద్దు, ముందు కాలవ గట్టుకి పరిగెత్తాలి. ఈ మాట ఇంట్లో అందరికీ, ఇరుగుపొరుగుకీ ఇవాళే చెప్పండి. వీధి తలుపుకి లోపల పైన, వాడి చెయ్యి అందని ఎత్తులో గడియ వేయించండి. తలుపుకి మువ్వలు కట్టండి, తీస్తే వినబడాలి. గట్టుకి వెళ్ళే దారిలో ఉన్న ఇళ్ళకీ, టీకొట్టుకీ వాడి ఫొటో చూపించి మీ నంబరు ఇవ్వండి, "పిలిస్తే పలకడు, అరవకుండా చెయ్యి పట్టుకోండి" అని చెప్పండి. చొక్కా లోపలివైపు మీ ఫోన్ నంబరు మార్కర్‌తో రాయండి, లాకెట్ అయితే తెంపేస్తాడు. తప్పిపోతే 112, లేదా 1098. గంట చూద్దాం అనుకోవద్దు.

ఇంకోవైపు, వాడికి నీళ్ళు ఇవ్వండి. రోజూ సాయంత్రం పెరట్లో టబ్బు, మగ్గు, అమ్మ పక్కనే కూర్చుని అరగంట. ఆ వేళ వస్తుందని తెలిస్తే కాలవ మీదికి పోయే తహతహ కొంత తగ్గుతుంది. మీరు ఊళ్ళో ఉన్న రోజుల్లో ఈత నేర్పించండి. ఈతొచ్చినా గడియ మాత్రం తీయొద్దు.

పుట్టు వెంట్రుకలు తిరుమలలో తీయిస్తామని మొక్కు. బాబుకి మూడున్నర. దువ్వెన చూస్తేనే కేకలు. — చిత్తూరు

స్వామి ఏమీ అనుకోడు, ఆరు నెలలు ఆగండి. ఈ ఆరు నెలలూ ఇంట్లో అలవాటు చేయండి. మొదటి వారం తడిచేత్తో తల నిమరడం, పది లెక్కపెట్టి ఆపడం. ఆ పది మాత్రం దాటొద్దు, "ఇంకొక్కటి" అన్నారంటే నమ్మకం పోతుంది. తర్వాత మెత్తటి గుడ్డ, తర్వాత స్పూను వెనక భాగం చల్లగా తగిలించడం. వాళ్ళ నాన్న, మేనమామ వాడి ముందు గడ్డం గీయించుకోవాలి. కల్యాణకట్ట వీడియో తీసి తెచ్చుకుని రోజూ చూపించండి, ఆ నేల తడి, ఆ జనం ముందే తెలియాలి. రద్దీ తక్కువ ఉండే వేళ చూసుకోండి. తీశాక చొక్కా వెంటనే మార్చండి. ఏడిచేది చాలాసార్లు కత్తికి కాదు, మెడ మీద పడ్డ వెంట్రుక ముక్కలకి. మొక్కు తీర్చడానికి నలుగురు పట్టుకుని గీయించారంటే మళ్ళీ పదేళ్ళు మంగలి షాపు గడప తొక్కడు. మాకు అదే అయింది.

నేను ప్రభుత్వ పాఠశాలలో మూడో తరగతి చెబుతాను. ఒక పాపకి ఆటిజం. ప్రేయర్‌లో చెవులు మూసుకుంటుంది, బోర్డు మీది చూసి రాయదు, లెక్కలు మాత్రం నోటితో చెప్పేస్తుంది. మిగతా తల్లిదండ్రులు "మా పిల్లలకీ ఆ అలవాట్లు వస్తాయి, పంపేయండి" అంటున్నారు. ఏం చేయాలి? — ఒక ఉపాధ్యాయుడు, శ్రీకాకుళం జిల్లా

మాస్టారూ, "ఏం చేయాలి" అని రాశారే కానీ "ఎలా వదిలించుకోవాలి" అని రాయలేదు, దణ్ణం మీకు. మావాణ్ణి ఒక స్కూలువాళ్ళు ఎల్‌కేజీలో మూడు వారాలకే ఫీజు కవరుతో సహా వెనక్కి పంపారు.

పంపేయడం మీ చేతిలో లేదని ఆ తల్లిదండ్రులకి చెప్పొచ్చు. 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం ఒకటి, మీ బడిలో కూర్చునే హక్కు ఆ పాపకి ఉంది. కానీ చట్టం కంటే నయమైన జవాబు మీ ఉత్తరంలోనే ఉంది. నోటిలెక్కలు. వారానికి ఒకరోజు ఆ పాప చేత లెక్కలు చెప్పించండి, మిగతావాళ్ళు రాయాలి. పిల్లలు ఇంటికెళ్ళి ఏం చెబుతారో చూడండి.

ప్రేయర్‌కి వరస చివర, మైకుకి దూరంగా నిలబెట్టండి. లేదా గంట కొట్టే పని ఆమెకే ఇవ్వండి, తన చేత్తో కొడితే ఎప్పుడొస్తుందో తెలుస్తుంది కదా. బోర్డు చూసి రాయడం అంటే పైకి చూడాలి, గుర్తుపెట్టుకోవాలి, కిందికి చూడాలి, పెన్సిల్ అదుపు చేయాలి. నాలుగు పనులు. అదే విషయం కాగితం మీద రాసి పక్కన పెట్టండి, సగం రాసినా ఒప్పుకోండి. ఆ రోజు ఏ పీరియడ్ తర్వాత ఏది వస్తుందో బల్ల మీద సుద్దతో చిన్న బొమ్మలు గీయండి, అయినది చెరిపేయనివ్వండి. మార్పు ఉంటే ముందే చెప్పండి. మీ మండలంలో భవిత కేంద్రం ఉంటుంది, అక్కడి టీచర్ని ఒకసారి మీ క్లాసుకి పిలవండి. పిలిస్తే వస్తాం, మమ్మల్ని పిలిచేవాళ్ళే తక్కువ.

మేడమ్, నేను ఇంటర్ సెకండియర్. మా తమ్ముడికి 11 ఏళ్ళు, ఆటిజం. నా ఫ్రెండ్స్ వస్తామంటే ఏదో అబద్ధం చెబుతాను. అమ్మ ఎప్పుడూ "మా తర్వాత వాడికి నువ్వే" అంటుంది. నాకు బాగా దూరంగా వెళ్ళి చదువుకోవాలని ఉంది. నేను చెడ్డదాన్నా? — సిద్దిపేట

కాదురా. వెళ్ళు, దూరంగానే వెళ్ళు.

మీ అమ్మగారికి ఈ పేజీ చూపించు. అమ్మా, పదిహేడేళ్ళ పిల్ల నెత్తిన ఆ మాట పెట్టకండి. మీ తర్వాత ఏమిటన్నది మీరిద్దరూ ఇప్పుడే కూర్చుని చేయాల్సిన పని. వాడికి 18 నిండాక నేషనల్ ట్రస్ట్ చట్టం కింద కలెక్టర్ గారి ఆధ్వర్యంలోని స్థానిక కమిటీ చట్టబద్ధ సంరక్షకుణ్ణి నియమిస్తుంది. ఆ పేరు అమ్మాయిదే కానక్కర్లేదు. పొదుపు, వీలునామా, వాడు తన బట్టలు తాను ఉతుక్కోవడం, నాలుగు మెతుకులు వండుకోవడం, ఇవి ఇప్పట్నుంచే మొదలెట్టండి. అమ్మాయి రేపు తనంతట తాను వస్తే అది వేరే సంగతి.

మా అమ్మాయి తొమ్మిదో తరగతిలో స్నేహితుల్ని తీసుకురావడం మానేసింది. ఏడాది దాకా నాకు తెలీనే లేదు. వాళ్ళ స్నేహితురాలి అమ్మ చెప్పింది. ఆ తర్వాత ఆదివారం మధ్యాహ్నాలు తనవి. వాడిని నాన్న దగ్గర వదిలి ఇద్దరం విజయవాడ బస్సెక్కేవాళ్ళం. ఆ బస్సులో తమ్ముడి మాట ఎత్తకూడదని తనే రూలు పెట్టింది.

ఇప్పుడు బెంగళూరులో ఉద్యోగం. రోజూ రాత్రి ఎనిమిదికి వాడికి ఫోన్ చేస్తుంది. వాడు అడిగేది ఒకటే, "ఏం బస్సు?" అని. ఆ రోజు ఆఫీసు నుంచి ఎక్కిన బస్సు నంబరు తను చెప్పాలి. "500డి" అంటుంది. వాడు "500డి" అని పెట్టేస్తాడు. నాతో అరగంట మాట్లాడినా అన్నీ బావున్నాయనే అంటుంది. మొన్న గురువారం వాడు ఫోన్ పెట్టేసి, ఎప్పటిలా గదిలోకి వెళ్ళకుండా నా దగ్గరికొచ్చి నిలబడ్డాడు. "అక్క ఆటో" అన్నాడు. కాసేపాగి మళ్ళీ, "అక్క ఆటో. ఏడుపు."

స్టవ్ కట్టేసి ఫోన్ తీశాను.